కేడంప్‌కు 512 ఎంబీ పక్కన పెట్టినా వీఎమ్‌కోర్ పడటం లేదు, ఎంత ఇవ్వాలి?

వైట్‌ఫీల్డ్_నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్తే. వైట్‌ఫీల్డ్ డేటా సెంటర్‌లో ఉన్న ఒక డేటాబేస్ సర్వర్ పది పన్నెండు రోజులకోసారి పానిక్ అయి (కెర్నెల్ ఇక సాగలేక ఆగిపోయి) దానంతటదే రీబూట్ అవుతోంది. కారణం తేల్చాలంటే వీఎమ్‌కోర్, అంటే పానిక్ క్షణాన ఉన్న మెమరీ నకలు, కావాలి, అదే చిక్కడం లేదు. దాన్ని తీయాల్సింది కేడంప్: పానిక్ అయ్యాక పక్కన పెట్టిన మెమరీలో రెండో కెర్నెల్‌ను లేపి, దాని చేత ఆ నకలు రాయించే ఏర్పాటు.

మిషన్ వివరాలు: 256 జీబీ ర్యామ్, రెండు సాకెట్లు, రెయిడ్ కార్డు, రెండు 25జీ పోర్టులు, బోర్డు మీద ఒక 1జీ పోర్టు. ఆర్‌హెచ్‌ఈఎల్ 9 ఆధారిత డిస్ట్రో, కెర్నెల్ 5.14. రూట్ డిస్కు లక్స్2తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది, బూట్ అయ్యేటప్పుడు పాస్‌ఫ్రేజ్ బీఎంసీ (సర్వర్‌ను దూరం నుంచి నడిపే చిన్న కంట్రోలర్) కన్సోల్ నుంచి కొడతాం. కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఇన్‌స్టాలర్ పెట్టిందే ఉంది:

క్రాష్‌కెర్నెల్=1జీ-4జీ:192ఎం,4జీ-64జీ:256ఎం,64జీ-:512ఎం

అంటే మాకు 512 ఎంబీ దొరుకుతోంది. కేడంప్ సర్వీస్ యాక్టివ్ అంటోంది, /సిస్/కెర్నెల్/కేఎక్సెక్_క్రాష్_లోడెడ్‌లో 1 ఉంది. కానీ సిస్‌ఆర్‌క్యూ-ట్రిగర్‌లోకి 'సి' రాసి, అంటే కావాలని పానిక్ తెప్పించి, పరీక్షిస్తే రెండో కెర్నెల్ లేస్తుంది, పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, కొట్టిన కొన్ని క్షణాలకు సీరియల్ కన్సోల్ మీద ఔట్ ఆఫ్ మెమరీ వరుసలు, చివర 'సిస్టమ్ ఈజ్ డెడ్‌లాక్డ్ ఆన్ మెమరీ', ఆ తర్వాత రీబూట్. /వార్/క్రాష్ ఖాళీ.

ర్యామ్‌లో ఇంత శాతం పక్కన పెట్టాలని ఏమైనా లెక్క ఉందా? ఏకంగా 4 జీబీ ఇచ్చేస్తే నష్టమేమిటి? నడుస్తున్న సిస్టమ్‌లోనే పెంచే దారి ఉందా? డౌన్‌టైమ్ శనివారం రాత్రి తప్ప దొరకదు.

---

కెర్నెల్_కాపరి:

పాస్‌ఫ్రేజ్ కొట్టాకే మెమరీ అయిపోయిందని రాశారు చూడండి, మీ జవాబు అక్కడే ఉంది. దానికి వచ్చే ముందు మీ మూడో ప్రశ్న.

నడుస్తుండగా పెంచలేరు. పానిక్ అయినప్పుడు పాత కెర్నెల్ డివైజ్‌లను పద్ధతిగా ఆపదు, ఆపే స్థితిలో ఉండదు. నెట్‌వర్క్ కార్డు, రెయిడ్ కార్డు తమకు అంతకు ముందు ఇచ్చిన అడ్రసుల్లోకి డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా డివైజ్ నేరుగా మెమరీలో రాయడం) ద్వారా ఇంకా రాస్తూనే ఉండవచ్చు. రెండో కెర్నెల్ సాధారణ మెమరీలో లేస్తే ఏ ప్యాకెట్టో వచ్చి దాని నెత్తిన పడుతుంది. అందుకే బూట్ మొదట్లోనే, ఏ డ్రైవరూ లేవకముందే, భౌతికంగా ఒకే వరుసలో ఉన్న ఒక ముక్కను పక్కన పెట్టేస్తారు. ఆ ముక్కలోని అడ్రసు ఏ డివైజ్‌కూ ఎప్పుడూ అందదు కాబట్టి అక్కడికి డీఎంఏ రాదు. గంటల తరబడి నడిచాక అలాంటి అంటరాని, ఖాళీ, ఏకఖండం దొరకదు. తగ్గించడం మాత్రం కుదురుతుంది: కేఎక్సెక్ మైనస్ పీ మైనస్ యూతో లోడైన ఇమేజ్‌ను దించి, /సిస్/కెర్నెల్/కేఎక్సెక్_క్రాష్_సైజ్‌లోకి చిన్న అంకె బైట్లలో రాస్తే మిగిలింది సిస్టమ్‌కు తిరిగి వస్తుంది. పెంచాలంటే రీబూటే.

ఇక శాతం లెక్క. అలాంటిది లేదు. ర్యామ్ పెరిగితే ఇదీ పెరగాలన్న అభిప్రాయం పాత మేక్‌డంప్‌ఫైల్ (డంప్‌ను వడకట్టి రాసే ప్రోగ్రాం) రోజులది. అది ప్రతి 4 కేబీ పేజీకి ఒక బిట్ చొప్పున రెండు బిట్‌మ్యాప్‌లు పెట్టుకుంటుంది. మీ 256 జీబీ అంటే సుమారు 6.7 కోట్ల పేజీలు, ఒక్కో బిట్‌మ్యాప్ 8 ఎంబీ, రెండూ కలిపి 16 ఎంబీ. అంతే. 1.5.0 వెర్షన్ నుంచి సైక్లిక్ పద్ధతి కూడా వచ్చింది, మెమరీ చాలకపోతే బిట్‌మ్యాప్‌ను విడతలుగా కట్టుకుంటుంది. కాబట్టి ర్యామ్ సైజు వల్ల పడే భారం చాలా తక్కువ. మరి మెమరీని తినేది ఎవరు? కెర్నెల్ ఇమేజ్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్), అందులోని మాడ్యూళ్లు, ఆ డ్రైవర్లు లేవగానే తీసుకునే బఫర్లు, డంప్ పడాల్సిన చోటును తెరవడానికి అయ్యే ఖర్చు. ఈ చివరిదే మిమ్మల్ని ముంచింది.

పాస్‌ఫ్రేజ్ నుంచి తాళం తయారు చేయడానికి లక్స్2 డిఫాల్ట్‌గా ఆర్గాన్2ఐడీ వాడుతుంది. పాస్‌ఫ్రేజ్‌ను ఊహించి కొట్టేవాడికి ప్రతి ప్రయత్నానికీ బోలెడు మెమరీ ఖర్చు కావాలన్నది దాని ఉద్దేశం. ఆ ఖర్చు దొంగకే కాదు, తాళం ఉన్న మీకూ తప్పదు. క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్ కొట్టి కీస్లాట్ కింద 'మెమరీ' వరుస చూడండి. 1048576 అని ఉంటే అది కేబీల్లో, అంటే సరిగ్గా 1 జీబీ. 512 ఎంబీలో కూర్చున్న కెర్నెల్ 1 జీబీ ఎక్కడి నుంచి తెస్తుంది? పాస్‌ఫ్రేజ్ సరైనదే, తాళం తిప్పడానికి చోటు లేదు.

కేడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్ నడిపితే ఇదంతా విడివిడిగా చూపిస్తుంది: ఇప్పుడు ఎంత కేటాయించారు, ఎంత ఉంటే మంచిది, కెర్నెల్ సైజు, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సైజు, పెద్ద మాడ్యూళ్లు ఏవి, లక్స్‌కు ఎంత. ముందు ఆ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి.

కీస్లాట్‌ను మెమరీ పెద్దగా అడగని పాత పద్ధతి పీబీకేడీఎఫ్2కు మార్చమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. పని జరుగుతుంది, కానీ నేను ఒప్పుకోను. ఎప్పుడో ఒకసారి వచ్చే పానిక్ కోసం రోజూ కాపలా కాసే తాళాన్ని బలహీనపరచడం అది. పైగా అర్ధరాత్రి పానిక్ అయితే పాస్‌ఫ్రేజ్ కొట్టేవారెవరు? అసలు రెండో కెర్నెల్ ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు జోలికే పోకుండా ఉండాలి. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వేరే సర్వర్‌కు పంపడం మీకు సరైన దారి. ఒక్క జాగ్రత్త: వీఎమ్‌కోర్‌లో కెర్నెల్ మెమరీ ఉంటుంది, అందులో డిస్కు తాళం కూడా ఉంటుంది. దాన్ని అందుకునే సర్వర్‌ను ఆ డిస్కుకు ఇచ్చినంత భద్రతతో చూడండి.

---

కోరమంగళ_కోర్‌డంప్:

పై జవాబు సరైనదే. '4 జీబీ ఇచ్చేస్తే నష్టమేమిటి' అన్నది మిగిలింది.

256 జీబీలో 4 జీబీ పోతే మీ డేటాబేస్ గమనించదు. ఉబుంటు అలాగే చేస్తుంది: ఈమధ్య వెర్షన్లలో కేడంప్-టూల్స్ డిఫాల్ట్ 2జీ-4జీ:320ఎం,4జీ-32జీ:512ఎం,32జీ-64జీ:1024ఎం,64జీ-128జీ:2048ఎం,128జీ-:4096ఎం. ఎవరి దగ్గర ఏ హార్డ్‌వేర్ ఉంటుందో తెలియనప్పుడు అంత ధారాళంగా ఇవ్వడం న్యాయమే. తన మిషన్ ఎదురుగా ఉన్నవాళ్లు కొలుచుకోవచ్చు. ఒకే రకం సర్వర్లు యాభై ఉంటే మిషన్‌కు 4 జీబీ చొప్పున 200 జీబీ ఊరికే పడి ఉంటుంది.

పెద్ద అంకె ఇచ్చినప్పుడు తెలుసుకోవాల్సింది 4 జీబీ గీత. ఎక్స్86-64లో ఆఫ్‌సెట్ ఇవ్వకపోతే కెర్నెల్ మొదట 4 జీబీ అడ్రసు కింద వెతుకుతుంది. ఆ కింది భాగంలో పీసీఐ డివైజ్‌ల అడ్రసులు, ఏసీపీఐ పట్టికలు, యూఈఎఫ్ఐ ముక్కలు అప్పటికే చోటు పట్టి ఉంటాయి. ఎన్ని వందల జీబీ ర్యామ్ ఉన్నా అక్కడ ఏకఖండంగా 1 జీబీ దొరకకపోవచ్చు. మీ 5.14 అప్పుడు 4 జీబీ పైకి వెళ్తుంది. పాత కెర్నెళ్లలో అయితే 'క్రాష్‌కెర్నెల్ రిజర్వేషన్ ఫెయిల్డ్' అని ఒక వరుస రాసి ఊరుకునేవి, ఆ వరుసను ఎవరూ చూసేవారు కాదు.

పైకి వెళ్లినప్పుడు, లేదా మీరే సైజు వెనక కామా హై అని రాసినప్పుడు, కింద కూడా ఒక చిన్న ముక్క తీసుకుంటుంది. 32 బిట్ల అడ్రసులే తెలిసిన డివైజ్‌లకు, వాటి డేటాను మధ్యలో పెట్టి అందించే ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ బఫర్‌కు కింది మెమరీ తప్పదు. ఎక్స్86లో అది కనీసం 256 ఎంబీ, ఆర్మ్64లో 128 ఎంబీ. అంటే 1జీ,హై అని రాస్తే మీకు నిజంగా పోయేది 1 జీబీ 256 ఎంబీ. కింది ముక్కను మిగుల్చుకుందామని 0,లో అని రాసేవాళ్లున్నారు. రెయిడ్ కార్డు డ్రైవర్‌కు డీఎంఏ బఫర్ దొరక్క డిస్కే కనపడకుండా పోతుంది, అలా చేయకండి.

కెర్నెల్ కమాండ్ లైన్ మార్చడానికి గ్రబ్బీ వాడండి: గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నెల్=ఆల్ --ఆర్గ్స్="క్రాష్‌కెర్నెల్=1జీ,హై". రీబూట్ అయ్యాక రూట్ యూజర్‌గానే /ప్రాక్/ఐఓమెమ్‌లో 'క్రాష్ కెర్నెల్' వెతకండి, రెండు వరుసలు రావాలి. మామూలు యూజర్‌గా చూస్తే అడ్రసులన్నీ సున్నాలుగా కనిపిస్తాయి, అది చూసి కేటాయింపు జరగలేదని కంగారుపడొద్దు.

ఇంకొకటి. కొత్త 6.17 కెర్నెల్‌లో సైజు తర్వాత కామా సీఎంఏ అనే రూపం వచ్చింది. పక్కన పెట్టిన మెమరీని మామూలు రోజుల్లో యూజర్ ప్రోగ్రాములు వాడుకోవచ్చు, క్రాష్ అయితే రెండో కెర్నెల్ తీసుకుంటుంది. ఆ పేజీల్లో ఉన్నది డంప్‌లోకి రాదు. మీ 5.14కు పనికిరాదు గానీ, మెమరీ వృథా అని బాధపడేవాళ్లకు ముందుముందు మంచి దారి.

ఈ కేడంప్ తొలి ప్యాచ్‌లు చాలావరకు మన బెంగళూరులోని ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్ ఇంజనీర్లు రాసినవే. 2005లో 2.6.13తో ప్రధాన కెర్నెల్‌లోకి వెళ్లాయి. తెలుసుకోదగ్గ విషయమని చెప్తున్నాను.

---

వైట్‌ఫీల్డ్_నైట్‌షిఫ్ట్:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. లక్స్‌డంప్ చూశాను, మెమరీ 1048576, అచ్చం మీరు చెప్పినట్టే. ఎస్టిమేట్‌లో లక్స్ వరుస పక్కన పెడితే పెద్ద మాడ్యూళ్ల కింద ఎంఎల్‌ఎక్స్5_కోర్ (25జీ కార్డు డ్రైవర్), ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఫైల్ సిస్టమ్) ఉన్నాయి.

ఎస్‌ఎస్‌హెచ్ దారికే వెళ్తాం. ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులో ఒక లినక్స్ బాక్స్ ఉంది, డంప్ అక్కడికి పంపవచ్చా? 25జీ పోర్టులు బాండ్‌లో (రెండూ కలిపి ఒకటిగా), వీలాన్ మీద ఉన్నాయి. 1జీ పోర్టు మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లో ఉంది. డంప్‌కు ఏది వాడాలి? ఎస్‌ఎస్‌హెచ్ అయితే 512 ఎంబీ చాలుతుందా, 1 జీబీ చేయాలా?

---

మారతహళ్ళి_మాడ్యూల్:

1జీ పోర్టే వాడండి, సందేహం వద్దు. 25జీ కార్డు డ్రైవర్ లేవగానే ప్రతి క్యూకూ రిసీవ్ రింగ్, దాని నిండా బఫర్లు కడుతుంది. రెండో కెర్నెల్ ఎన్‌ఆర్_సీపీయూస్=1తో ఒకే సీపీయూ మీద నడుస్తుంది కాబట్టి క్యూలు తగ్గుతాయి, అయినా బోర్డు మీది 1జీ డ్రైవర్‌తో పోలిస్తే తిండి ఎక్కువే. బాండ్, వీలాన్ రెండూ రెండో కెర్నెల్‌లో మళ్లీ కట్టాలి, స్విచ్ వైపు ఎల్‌ఏసీపీ (బాండ్‌ను కుదిర్చే ప్రోటోకాల్) కుదురుకునేదాకా ఆగాలి. పానిక్ అయిన మిషన్‌లో కదిలే భాగాలు ఎంత తక్కువైతే అంత మేలు.

కేడంప్ తానుగా ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోదు, టార్గెట్ ఐపీకి మీ రూటింగ్ టేబుల్ ఏ పోర్టు చూపిస్తే దాన్ని తీసుకుంటుంది. కాబట్టి ముందు ఆ ఐపీకి 1జీ పోర్టు గుండా స్టాటిక్ రూట్ పెట్టండి, ఐపీ రూట్ గెట్‌తో సరిచూడండి. తర్వాత /ఈటీసీ/కేడంప్.కాన్ఫ్‌లో ఇవి:

ఎస్‌ఎస్‌హెచ్ యూజర్@ఐపీ
ఎస్‌ఎస్‌హెచ్‌కీ /రూట్/.ఎస్‌ఎస్‌హెచ్/కేడంప్_ఐడీ_ఆర్‌ఎస్‌ఏ
పాత్ /వార్/క్రాష్
కోర్_కలెక్టర్ మేక్‌డంప్‌ఫైల్ -ఎఫ్ -ఎల్ --మెసేజ్-లెవెల్ 7 -డి 31

ఐపీయే రాయండి, హోస్ట్‌నేమ్ వద్దు. డీఎన్‌ఎస్ కూడా పనిచేయాలన్న షరతు ఎందుకు? పాత్ అన్నది అవతలి సర్వర్‌లోని డైరెక్టరీ, ఆ యూజర్‌కు అందులో రాసే అనుమతి ఉండాలి. ఎఫ్ పెద్ద అక్షరం, అది మరిస్తే ఎస్‌ఎస్‌హెచ్ పైపులోకి డంప్ వెళ్లదు: మామూలు డంప్ ఫైలులో ముందుకూ వెనక్కూ కదిలి రాయాలి, పైపులో వెనక్కి వెళ్లలేం కదా. ఎఫ్ వాడితే ఒకే ప్రవాహంగా వెళ్తుంది. అవతల ఫైలు డాట్ ఫ్లాట్ పేరుతో పడితే మేక్‌డంప్‌ఫైల్ మైనస్ ఆర్‌తో మామూలు రూపానికి తెచ్చుకోండి. కేడంప్‌సీటీఎల్ ప్రాపగేట్ కొడితే తాళం చెవి అవతలికి వెళ్తుంది, ఆపై కేడంప్ సర్వీస్ రీస్టార్ట్. అప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కొత్తగా కట్టుకుంటుంది. టార్గెట్ ఎస్‌ఎస్‌హెచ్ కాబట్టి రూట్ డిస్కును మౌంట్ చేయదు, లక్స్ ప్రసక్తే రాదు. ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీతో ఆ కేడంప్ ఇమేజ్ తెరిచి ఎంఎల్‌ఎక్స్5 ఇంకా ఉందేమో చూడండి. ఉంటే డ్రాకట్_ఆర్గ్స్ వరుసలో --ఒమిట్-డ్రైవర్స్ కింద రాసి మళ్లీ రీస్టార్ట్.

ఎలక్ట్రానిక్ సిటీకి పంపాలా అంటే, రెండు ఆఫీసుల మధ్య లింక్ ఎంతో చూసుకోండి. నడుస్తున్న సర్వర్‌లో మేక్‌డంప్‌ఫైల్ --మెమ్-యూసేజ్ /ప్రాక్/కేకోర్ కొడితే ఏ రకం పేజీలు ఎన్ని ఉన్నాయో పట్టిక ఇస్తుంది. డి 31 అంటే సున్నా పేజీలు, రెండు రకాల క్యాష్ పేజీలు, యూజర్ పేజీలు, ఖాళీ పేజీలు వదిలేయడం. డేటాబేస్ మెమరీ దాదాపు అంతా యూజర్ పేజీల కిందికే పోతుంది, మిగిలింది కెర్నెల్ సొంతం. అది 20 జీబీ వచ్చిందనుకోండి, కంప్రెషన్ లేకుండా చూసినా 1జీ లైన్ మీద సెకనుకు 110 ఎంబీ చొప్పున మూడు నిమిషాల పైచిలుకు. అదే 100 ఎంబీపీఎస్ లింక్ మీద అరగంట, అంతసేపు డేటాబేస్ లేవదు. వైట్‌ఫీల్డ్‌లోనే అదే ర్యాక్‌లో ఒక చిన్న బాక్స్‌కు పంపి, తర్వాత తీరిగ్గా అటు తరలించుకోవడం మంచిది.

మధ్యలో డంప్ ఆగిపోయే సందర్భాలు రెండు. పాత కెర్నెల్ ఆన్ చేసిన హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ పానిక్ తర్వాతా లెక్కపెడుతూనే ఉంటుంది. దాని గడువు నిమిషమో రెండు నిమిషాలో ఉంటే డంప్ సగంలో ఉండగా మిషన్‌ను రీసెట్ చేస్తుంది. అవతల సగం ఫైలు, 'ఇన్‌కంప్లీట్' అని పేరు చివర ఉంటుంది. రెండోది క్లస్టర్: సర్వర్ పలకడం లేదని పక్క నోడ్ ఫెన్సింగ్ చేసి కరెంటు తీసేస్తుంది. పేస్‌మేకర్ (క్లస్టర్ సాఫ్ట్‌వేర్) ఉంటే ఫెన్స్_కేడంప్ పెట్టండి, 'డంప్ తీస్తున్నాను, ఆగు' అని రెండో కెర్నెల్ పక్క నోడ్‌కు చెప్తుంది.

---

కోరమంగళ_కోర్‌డంప్:

పై పోస్టుకు ఒక చేర్పు. పానిక్ అయితేనే కేడంప్ లేస్తుంది. మిషన్ బిగుసుకుపోయి ఏమీ అనకుండా ఉంటే లేవదు. కెర్నెల్.అన్‌నోన్_ఎన్‌ఎంఐ_పానిక్=1 పెట్టి ఉంచండి, అప్పుడు ఐపీఎంఐటూల్ చాసిస్ పవర్ డయాగ్‌తో బీఎంసీ నుంచి ఎన్‌ఎంఐ (సీపీయూ పక్కన పెట్టలేని ఇంటరప్ట్) పంపితే పానిక్ అయి డంప్ పడుతుంది. పవర్ సైకిల్ కొట్టారంటే సాక్ష్యం పోయినట్టే. కరెంటు పోయి యూపీఎస్ అందుకోక పడ్డ మిషన్‌కూ అంతే, మెమరీలో ఏమీ మిగలదు, డంప్ కోసం వెతకడం వృథా. ఆ రాత్రి పానిక్ అయిందా, కరెంటు పోయిందా అన్నది ముందు బీఎంసీ ఈవెంట్ లాగ్‌లో చూడండి.

---

కెర్నెల్_కాపరి:

512 చాలుతుందా అని అడిగారు. ఎస్‌ఎస్‌హెచ్, 1జీ పోర్టు, ఎంఎల్‌ఎక్స్5 తీసేసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్: ఇవి మూడూ ఉంటే 512తోనే మొదలుపెట్టండి. కమాండ్ లైన్ మార్చక్కర్లేదు కాబట్టి మొదటి ప్రయత్నానికి రీబూట్ కూడా వేరే అవసరం లేదు, సర్వీస్ రీస్టార్ట్ చాలు.

అయితే పనిచేసిందా లేదా అని మాత్రమే చూసి వదలకండి, ఎంత మిగిలిందో చూడండి. /ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్/కేడంప్‌లో కేడంప్_కమాండ్‌లైన్_అపెండ్ వరుస చివర ఆర్‌డీ.మెమ్‌డీబగ్=3 చేర్చి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. రెండో కెర్నెల్ లేచేటప్పుడు డ్రాకట్ (ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కట్టే టూల్) ప్రతి దశలోనూ మెమ్‌ఇన్ఫో, స్లాబ్ వివరాలు కన్సోల్ మీద రాస్తుంది. వీజీఏ తెర మీద చూడబోతే పానిక్ దగ్గరే బొమ్మ బిగుసుకుని కనిపిస్తుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ రెండో కెర్నెల్‌లో లేదు మరి. ఐపీఎంఐ సీరియల్ ఓవర్ ల్యాన్ పెట్టి, దాని అవుట్‌పుట్‌ను ఫైలులోకి పట్టుకోండి. కన్సోల్ పోర్టు ఎస్0యా ఎస్1ఆ అన్నది బీఎంసీ సెటప్‌లో చూసుకోండి, అది తప్పితే ఖాళీ ఫైలే మిగులుతుంది.

శనివారం డేటాబేస్‌ను పద్ధతిగా ఆపి, సింక్ కొట్టి, అప్పుడు 'సి' రాయండి. మేక్‌డంప్‌ఫైల్ మొదలయ్యే ముందు చివరి మెమ్‌ఇన్ఫోలో మెమ్‌అవైలబుల్ 100 ఎంబీకి పైగా ఉంటే 512 అలాగే ఉంచండి. అంతకు తగ్గితే 768 చేయండి, ఎందుకంటే తర్వాతి కెర్నెల్ అప్‌డేట్‌లో డ్రైవర్లు లావెక్కుతాయే గానీ సన్నబడవు. ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత ఎస్టిమేట్ ఒకసారి నడపండి, ఫర్మ్‌వేర్ మార్చినా, కొత్త కార్డు గుచ్చినా ఇదే పరీక్ష మళ్లీ చేయండి.

వీఎమ్‌కోర్ చేతికి వచ్చాక తెరవడానికి అదే కెర్నెల్ వెర్షన్ డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీలోని వీఎమ్‌లినక్స్ కావాలి, ఒక్క అంకె తేడా ఉన్నా క్రాష్ టూల్ ఒప్పుకోదు. దాన్ని ఇప్పుడే దించి పెట్టుకోండి. డంప్ పక్కనే వీఎమ్‌కోర్-డీమెసేజ్ అని చిన్న టెక్స్ట్ ఫైలు కూడా పడుతుంది. మొదట అది తెరిచి, పానిక్ వరుస నుంచి కాల్ ట్రేస్ చివరి దాకా ఇక్కడ పెట్టండి, చూద్దాం.